నాన్న, ట్రాక్టర్ బల్బు, ఓ పాత సెస్నా

"ఒరేయ్, ఇది మన ట్రాక్టర్ బల్బు కదరా!"

నేను నడిపే విమానాన్ని మొదటిసారి చూసి మా నాన్న అన్న మాట ఇది. ఇంజను చూళ్ళేదు, ప్రొపెల్లర్ చూళ్ళేదు, లోపల డయల్సు అసలే చూళ్ళేదు. సరాసరి ఎడమ రెక్క దగ్గరికెళ్ళి, ముందు అంచులో ప్లాస్టిక్ అద్దం వెనకాల ఉన్న లైటు వైపు వంగి చూశారు. ఆయన తప్పేం లేదు లెండి. రాజమండ్రిలో మోరంపూడి జంక్షన్ దగ్గర నలభై ఏళ్ళు ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపిన మనిషి. సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, లారీల వైరింగు, ట్రాక్టర్ల హెడ్‌లైట్లు. కరెంటు పోయినా చేత్తో తడిమి ఏ వైరు ఎటు పోతుందో చెప్పగలరు. నేను ఇంజనీరింగ్ చదివింది ఆ షాపు డబ్బులతోనే. (ఆ నాలుగేళ్ళలో నేర్చుకున్న కరెంటు కంటే సెలవుల్లో షాపులో కూర్చుని నేర్చుకున్నదే ఎక్కువ. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.)

ముందు కాస్త నేపథ్యం. నేను డాలస్ పక్కన ఉంటాను, పగలంతా జావా రాస్తాను. మూడేళ్ళ క్రితం వీకెండ్లకి ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా అని ఫ్లయింగ్ మొదలుపెట్టి, మొత్తానికి ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాను. విమానం నాది కాదు. హెచ్-1 మీద ఉన్నవాడి పేరు మీద ఇక్కడ విమానం రిజిస్టర్ కాదు. సిటిజన్ అయినా అయ్యుండాలి, గ్రీన్ కార్డైనా ఉండాలి. క్లబ్బు కార్పొరేషన్ పేరు మీద పెట్టుకుందామన్నా మూడొంతుల ఓట్లు సిటిజన్ల చేతిలో ఉండాలి. మా క్లబ్బులో ఉన్నవి ఎక్కువగా రిటైరైన తెల్లవాళ్ళ ఓట్లే కాబట్టి ఇబ్బంది లేదు. నేను నెలనెలా డబ్బులు కట్టి గంటల లెక్కన నడుపుకునే మెంబర్ని. విమానం 1960ల చివర్లో తయారైన సెస్నా 172. అంటే నాకంటే కాదు, దాదాపు మా నాన్నంత వయసుది.

అమ్మానాన్నా మూడు నెలల కోసం వచ్చారు. వాళ్ళని సాయంత్రం పూట ఓ రౌండు తిప్పి, లైట్లు వెలిగాక డాలస్ పైనుంచి చూపించి, చీకటి పడ్డాక దిగాలని నా ప్లాను. నాన్న జీవితంలో విమానాన్ని దగ్గర్నించి చూసింది మధురపూడి ఎయిర్‌పోర్టు కంచె అవతల నుంచే. నా చిన్నప్పుడు నన్ను స్కూటర్ మీద అక్కడికి తీసుకెళ్ళి, ఏ.టి.ఆర్. దిగేదాకా నిలబెట్టి, వేరుశెనక్కాయలు కొనిపెట్టేవారు. ఆ బాకీ తీర్చుకుందామనుకుంటే, సరిగ్గా ఆ వారమే లాండింగ్ లైటు మాడిపోయింది.

ఇంతకీ నాన్న అన్నది నిజమే. ఈ పాత విమానాల్లో లాండింగ్ లైటు అంటే సీల్డ్ బీమ్ బల్బు, సైజు పార్ 36. ఆ 36 అనేది అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్క, అంటే నాలుగున్నర అంగుళాల అడ్డుకొలత. పాత ట్రాక్టర్లకి పెట్టేదీ అదే సైజు. వాటి బల్బు 35 వాట్లుంటే మాదానిది 100 వాట్లు, నంబరు 4509. అంత వెలుతురు ఇవ్వడానికి ఫిలమెంటుని చావగొడతారు కాబట్టి దాని రేటెడ్ ఆయుష్షు ఎంతో తెలుసా? 25 గంటలు! మన హాల్లో బల్బు 25 గంటలకి పోతే షాపు వాడితో గొడవేసుకుంటాం. విమానంలో మాత్రం దిగేటప్పుడు పది నిమిషాలు వేసుకుంటారు కాబట్టి బండి నడిచిపోతుంది.

మా క్లబ్బు అల్మరాలో దాచిన పాత స్టాకు ఈసారి అయిపోయింది. ఎప్పుడూ తెప్పించే చోట అడిగితే ఇక రావు అన్నారు. పర్లేదు నాన్నా, ఇంకోసారి వెళ్దాం అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే అమ్మతో వాకింగుకని బయల్దేరి, మైలున్నర నడిచి, ట్రాక్టర్ సామాన్లు అమ్మే షాపుకెళ్ళి, వచ్చీరాని ఇంగ్లీషులో బేరం కూడా ఆడి (అక్కడ బేరాలుండవని ఆయనకి ఎవరూ చెప్పలేదు), ఇరవై చిల్లర డాలర్లకి సరిగ్గా అదే సైజు ఎల్.ఇ.డి. లైటు పట్టుకొచ్చారు. 12 వోల్టులే. వెనకాల స్క్రూలు కూడా అవే.

"పద, ఐదు నిమిషాల పని" అన్నారు.

కుదరదన్నాను.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు కథ. ఎందుకు కుదరదో చెప్పడానికి నాకు రెండ్రోజులు పట్టింది. చెబుతూ పోతే నాకే కొన్ని విడ్డూరంగా అనిపించాయి.

మొదటి విడ్డూరం. ఎఫ్.ఏ.ఏ. నిబంధనల్లో పార్ట్ 43 అని ఒకటుంది. అందులో ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అని ఒక జాబితా, ఆ జాబితాలో 17వది అచ్చంగా మన గొడవే: పొజిషన్ లైట్లు, లాండింగ్ లైట్ల బల్బులు, రిఫ్లెక్టర్లు, అద్దాలు మార్చడం. ఇది మెకానిక్ అక్కర్లేకుండా, ఆ విమానాన్ని నడిపే పైలటే చేసి లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టొచ్చు. అంటే ఇంట్లో ట్యూబ్‌లైటు స్టార్టరు పోతే కూడా నాన్నని పిలిచే నేను మార్చొచ్చు. నలభై ఏళ్ళు బల్బులు మార్చిన నాన్న మార్చకూడదు. ఎందుకంటే నా దగ్గర పైలట్ కార్డుంది, ఆయన దగ్గర లేదు.

రెండోది ఇంకా బావుంటుంది. కిరాయికి నడపనప్పుడు, రాత్రిపూట కూడా లాండింగ్ లైటు ఉండి తీరాలని రూలు లేదు! పొజిషన్ లైట్లు ఉండాలి, యాంటీ కొలిజన్ లైటు ఉండాలి. లాండింగ్ లైటు పాడైతే స్విచ్చు పక్కన 'ఇనాపరేటివ్' అని చీటీ అంటించి, లాగ్‌బుక్కులో రాసి, చట్టబద్ధంగా ఎగరొచ్చు. నాన్న ఇది విని చాలాసేపు నన్నే చూశారు.

"అంటే లైటు లేకుండా చీకట్లో దిగొచ్చు. లైటు పెట్టుకుని దిగితే మాత్రం తప్పు. అంతేనా?"

అంతే నాన్నా.

"ఈ రూలు రాసినాయన ఎప్పుడైనా రాత్రిపూట లారీ తోలాడా?"

అమ్మ నవ్వుతోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే నాన్న నవ్వట్లేదు. ఆయన మొహంలో ఇంకేదో ఉంది. నా పని మీద నీకు నమ్మకం లేదా అన్నట్టు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ బల్బు డబ్బా డైనింగ్ టేబుల్ మీదే ఉంది, దాని గురించి ఎవరం మాట్లాడలేదు.

రూలు వెనకాల ఉన్నది ఇదీ. సర్టిఫై అయిన విమానంలో పెట్టే ప్రతి పార్టుకీ ఒక వంశవృక్షం ఉండాలి. విమానం చేసినవాళ్ళే చేయాలి, లేదా పి.ఎం.ఏ. లాంటి తయారీ అనుమతి ఉన్నవాళ్ళు చేయాలి. నట్లు, బోల్టుల్లాంటి స్టాండర్డ్ పార్టులు వేరే సంగతి. ఇవేవీ కాకపోతే విమానం ఓనరే తన విమానం కోసం తయారు చేసుకునే దారి కూడా ఒకటుంది. వినడానికి బావుంటుంది గానీ, దానికి డ్రాయింగో, మెటీరియలో, తయారీ పద్ధతో ఓనరు చేతిమీదుగా తేలాలి. షాపులో కొని "నేనే చేశా" అంటే కుదరదు. లేదూ డిజైనే మార్చుకుంటాం అంటే ఎస్.టి.సి. అని ఇంకో అనుమతి. మన దేశంలోనూ డీజీసీఏ దగ్గర దాదాపు ఇదే తంతు, మామూలుగా రిలీజ్ సర్టిఫికెట్ లేని పార్టుని ఇంజనీరు విమానం మీద పెట్టడు.

మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే వెర్షన్ పిన్ చేయడం. ట్రాక్టర్ బల్బు చేసేవాడు వచ్చే నెల లోపలి సర్క్యూట్ మార్చేస్తాడు, డబ్బా మీద నంబరు మాత్రం అదే ఉంటుంది. ఎవరికీ చెప్పక్కర్లేదు. పి.ఎం.ఏ. వాడు అలా మార్చలేడు. పార్టు మీద వాడి పేరు, నంబరు ఉంటాయి. ఎక్కడో ఒకచోట తేడా వస్తే మిగతావన్నీ ఎక్కడున్నాయో వెతికి ఆపడానికి ఒక దారి ఉంటుంది. ఇది నాన్నకి చెబితే, "అయితే ఆ స్టాంపుకి పది రెట్లు డబ్బులా" అన్నారు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఉన్నమాట చెప్పాలంటే, పాతకాలం ఫిలమెంటు ట్రాక్టర్ బల్బే అయితే, వెలుతురు తగ్గడం తప్ప ఏమీ అయ్యేది కాదని నేనిప్పటికీ అనుకుంటాను. రూలుకి ఆ తేడా తెలీదు.

శనివారం ఇద్దరం హాంగర్‌కి వెళ్ళాం. మా క్లబ్బు విమానాలు చూసే మెకానిక్ డెబ్భై దాటిన పెద్దాయన, తక్కువ మాటల మనిషి. నాన్న చేతిలో డబ్బా చూసి నవ్వలేదు, కోప్పడలేదు. లైటు తీసుకుని అటూ ఇటూ తిప్పి, బాగా చేశాడన్నట్టు తలూపి, రెక్కలో పెట్టకుండా బయటే రెండు వైర్లు కలిపి విమానం బ్యాటరీకి తగిలించారు. కళ్ళు బైర్లు కమ్మే వెలుతురు. నాన్న నావైపు చూశారు, చూశావా అన్నట్టు.

అప్పుడు పెద్దాయన రేడియో ఆన్ చేసి టవర్ ఫ్రీక్వెన్సీ పెట్టారు.

జర్ర్‌ర్‌మని ఒకటే రొద. లైటు తీస్తే నిశ్శబ్దం. పెడితే జర్ర్. మూడుసార్లు తీసి పెట్టి చూపించారు, ఒక్క మాట మాట్లాడకుండా. ఎల్.ఇ.డి. లోపల కరెంటుని సర్దే చిన్న సర్క్యూటు సెకనుకి లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ ఉంటుంది. దానికి సరైన ఫిల్టరు లేకపోతే ఆ చప్పుడు గాల్లోకి పోతుంది. విమానాల మాటల బ్యాండు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్, ఆ పక్కనే నావిగేషన్ సిగ్నళ్ళు. పొలంలో ట్రాక్టర్ టవర్‌తో మాట్లాడదు కాబట్టి అక్కడ ఎవరికీ పట్టదు. ఇక్కడైతే దిగే టైములో, లైటు వేసిన క్షణం నుంచీ టవర్ మాట వినపడదు.

నాన్న తన జేబులోంచి టెస్ట్ ల్యాంపు తీసి (అవును, అమెరికాకి టెస్ట్ ల్యాంపు తెచ్చుకున్నారు) ఎర్తు సరిగ్గా ఉందో లేదో చూశారు. ఎర్తు మార్చి ఇంకోచోట తగిలించారు. రొద తగ్గలేదు. "కండెన్సరు పెడితే పోతుంది" అన్నారు నాతో. లారీల్లో టేప్‌రికార్డర్‌లో డైనమో చప్పుడు వస్తే ఆయన చేసేది అదే. నేను అనువాదం చేశాను. పెద్దాయన ఆలోచించి, పోవచ్చు, కానీ అది ఏ ఇంజన్ స్పీడు దగ్గర, ఏ చలిలో, ఎన్నేళ్ళ దాకా పోతుందో ఎవరు చూశారు, అన్నారు. అది కూడా అనువాదం చేశాను. నాన్న ఒక నిమిషం ఊరుకుని, "అదీ నిజమేలే" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నోట ఈ మాట నేను విన్నది చాలా తక్కువ.

తర్వాత ఇద్దరూ నన్ను పక్కనపెట్టి విమానం చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. రెక్క చివర లైట్లు చూసి నాన్నే కనిపెట్టారు: "ఎడమ ఎరుపు, కుడి పచ్చ. లాంచీకీ ఇంతే కదరా!" ఇంతే మరి. గోదావరి మీద పాపికొండలకి వెళ్ళే లాంచీల వైరింగు కూడా ఆయన చేసేవారు. విమానాలకి ఈ రంగులు ఓడల నుంచే వచ్చాయి. ఎదురుగా ఉన్నవాడికి మనం ఏ వైపుకి పోతున్నామో తెలియాలి. ఎరుపు నేరుగా ముందు నుంచి ఎడమకి 110 డిగ్రీలు, పచ్చ కుడికి అంతే, మిగిలిన 140 డిగ్రీలు తోక మీది తెల్ల లైటు. ఆ ఎరుపు ఎంత ఎరుపు, ఆ పచ్చ ఎంత పచ్చ అనేది కూడా అంకెల్లో రాసుంటుంది. అందుకే ఎర్ర అద్దం, పచ్చ అద్దం వెనకాల పాత బల్బు తీసి మామూలు తెల్ల ఎల్.ఇ.డి. పెట్టేయడం కూడా ప్రమాదమే. ఫిలమెంటు వెలుగులో ఉండే రంగుల పాళ్ళు వేరు, తెల్ల ఎల్.ఇ.డి.లో వేరు. కంటికి పచ్చగానే కనపడొచ్చు, రూలు అడిగే పచ్చ కాకపోవచ్చు.

ఇక్కడ ఒక పిట్టకథ. ఈ పాత విమానాల పార్టుల బాధ ఎఫ్.ఏ.ఏ.కి కూడా తెలుసు. సెస్నా వాళ్ళు 1986 నుంచి పదేళ్ళు చిన్న పిస్టన్ విమానాలు చేయడమే మానేశారు. ఎగురుతున్నవాటిలో చాలా భాగం యాభై ఏళ్ళు దాటినవి. అందుకని 2022లో ఒక పథకం తెచ్చారు. 1980కి ముందు టైప్ సర్టిఫికెట్ వచ్చిన, 12,500 పౌన్ల లోపు చిన్న విమానాలకి, పాడైనా క్షేమంగా దిగడానికి అడ్డురాని పార్టుల విషయంలో బయట మార్కెట్లో దొరికేవాటిని కూడా దరఖాస్తు చేసుకుని ఒప్పించుకోవచ్చు. పేరు వింటేజ్ ఎయిర్‌క్రాఫ్ట్ రీప్లేస్‌మెంట్ అండ్ మోడిఫికేషన్ ఆర్టికల్. పొట్టి పేరు ఏమిటో అక్షరాలు కలుపుకుని చూడండి... వర్మ! పెద్దాయన "వర్మ ద్వారా ట్రై చేయొచ్చు" అంటే, నాన్న చెవులు రిక్కించి, "ఏ వర్మ? భీమవరం వాళ్ళా?" అన్నారు :-)

ఆ దారి పట్టలేదు మేం. దరఖాస్తులు, ఎదురుచూపులు నాకు హెచ్-1లోనే చాలు. నా విమానం సీటు కన్నా నా ఉద్యోగం సీటుకే ఎక్కువ కాగితాలున్నాయి. పి.ఎం.ఏ. ఉన్న ఎల్.ఇ.డి. లాండింగ్ లైట్లు వీలెన్ లాంటి కంపెనీలవి దొరుకుతున్నాయి, మన మోడల్ వాళ్ళ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలంతే. మాది ఉంది. ట్రెజరర్‌ని ఒప్పించి ఆర్డరు పెట్టాం. నాన్న రేటు విని మళ్ళీ నిట్టూర్చారు.

అది వచ్చేలోపు ఒక రాత్రి, బాల్కనీలో కూర్చున్నప్పుడు, ఆయన ఒక సంగతి చెప్పారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగి యాభై మంది దాకా పోయాక, గోదావరి మీద బోట్లన్నీ ఆపేశారు కదా. ఆ ప్రమాదానికీ లైట్లకీ, నాన్నకీ ఏ సంబంధమూ లేదు. కానీ తర్వాత వేరే లాంచీ ఓనరు ఒకాయన కాగితాలు సర్దుకుంటూ, వైరింగు ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో రాసిమ్మని నాన్న దగ్గరికి వచ్చాడట. నాన్న షాపులో వెతికితే ఏముంటుంది? ఒక చిట్టా పుస్తకం, అందులో బాకీలు. నలభై ఏళ్ళలో చేసిన పని ఏదీ ఎక్కడా రాసిలేదు. "ఆ లాంచీలో ఏ వైరు నేను వేశానో, ఏది నా తర్వాత వచ్చినవాడు వేశాడో నాకే తెలీలేదురా. సంతకం పెట్టలేనని చెప్పేశా. ఆయనకి కోపం వచ్చింది." అంతే చెప్పి లేచి లోపలికెళ్ళిపోయారు.

తర్వాతి శనివారం లైటు వచ్చింది. మార్చడానికి నేను స్క్రూడ్రైవర్ తీస్తుంటే పెద్దాయన నన్ను ఆపి, మీ నాన్నకివ్వు అన్నారు. రూలు ఒప్పుకోదు కదా అన్నాను (చూశారా, రెండు వారాల్లో నేనే పోలీసునైపోయాను). అదే పార్ట్ 43లో ఇంకో లైను ఉందట: లైసెన్సున్న మెకానిక్ పక్కనే ఉండి, కావలసినంత దగ్గరగా చూస్తూ ఉంటే, ఆయన పర్యవేక్షణలో లైసెన్సు లేనివాళ్ళు పని చేయొచ్చు. పైలట్‌గా నాకు ఆ అధికారం లేదు. మెకానిక్‌గా ఆయనకుంది.

నాన్న చేతులు ప్యాంటుకి తుడుచుకుని మొదలుపెట్టారు. అద్దం స్క్రూలు ఒక్కొక్కటే తీసి, ఏది ఏ రంధ్రానిదో తెలిసేలా నా అరచేతిలో వరసగా పెట్టారు. పాత బల్బు తీసి, వైర్ల చివర పచ్చగా పట్టిన చిలుము గీకి, కొత్త ముళ్ళు బిగించి, లాగి చూశారు. పెద్దాయన మాన్యువల్ పట్టుకుని పక్కనే నిలబడి, రెండుచోట్ల వేలు పెట్టి ఏదో చూపించారు. ఇద్దరికీ నా అనువాదం అక్కర్లేకపోయింది. ఐదు నిమిషాల పని ముప్పావుగంట పట్టింది. లైటు వేసి రేడియో పెడితే చడీచప్పుడు లేదు.

పెద్దాయన లాగ్‌బుక్కు తెరిచి తేదీ, చేసిన పని, పార్టు నంబరు, విమానం తిరిగిన గంటలు రాశారు. రాస్తూ రాస్తూ ఆగి నాన్న పేరు అడిగారు. సంతకం చేసేవాడు ఒకడు, పని చేసినవాడు ఇంకొకడు అయితే, చేసినవాడి పేరు కూడా ఎంట్రీలో ఉండాలట. గిట్‌లో ఆథర్ వేరు, కమిటర్ వేరు ఉన్నట్టు. నేను స్పెల్లింగు చెప్పబోతే నాన్న నన్ను ఆపి, ఇంటిపేరు నుంచి మొదలుపెట్టి, ఒక్కో అక్షరం తనే చెప్పారు. పెద్దాయన ఒక అక్షరం తప్పు రాశారు. నాన్న వేలు పెట్టి చూపిస్తే, ఒక గీత కొట్టి సరిచేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. కొట్టివేతకి కూడా సంతకమే. నాన్న ఆ పేజీ ఫోటో తీయమన్నారు. తీశాను. సరిగ్గా రాలేదని ఇంకోటి తీయించారు. రాత్రికల్లా మా ఊరి వాట్సాప్ గ్రూపులన్నిట్లోనూ అది ఉంది.

ఆ సాయంత్రం వెళ్ళాం. అమ్మ వెనకాల కళ్ళు గట్టిగా మూసుకుని హనుమాన్ చాలీసా చదువుకుంటూ, నాన్న నా పక్కన హెడ్‌సెట్ పెట్టుకుని. డాలస్ లైట్లన్నీ కింద పరుచుకుని ఉంటే, ఆయన చూసింది పావుగంటే. మిగతా టైమంతా అమ్మీటరు చూస్తున్నారు. దిగేముందు లాండింగ్ లైటు స్విచ్చు ఆయన్నే వేయమన్నాను. రన్‌వే మీది గీతలు తెల్లగా లేచాయి. చక్రాలు తగిలాయి, కొంచెం గట్టిగానే. ట్యాక్సీ చేస్తూ, బావుందా నాన్నా అని అడిగాను.

"ఫోకస్ కొంచెం ఎడంపక్కకి లాగుతోందిరా. రేపు ఆయన ఉంటారేమో కనుక్కో, సరిచేద్దాం."